ఫ్రేము కట్టించని డిప్లొమా

పోచారంలో ఉద్యోగం చేసే మా పక్కింటి అమ్మాయి ఈ మధ్య నన్నొక ప్రశ్న అడిగింది. ఉద్యోగాలకు వచ్చేవాళ్ళు తమ చదువుల గురించి రాసుకున్నది నిజమో కాదో తేల్చడం ఆమె పని. అంతా కంప్యూటరు మీదే జరుగుతుందట. "మీ రోజుల్లో ఇవేమీ లేవు కదా అంకుల్, మరి ఎట్లా పట్టుకునేవారు?" అంది. పట్టుకోవడం అన్న మాట నాకు నచ్చలేదు. దొంగలను పట్టుకుంటారు, నేను చేసింది ఆ పని కాదన్నాను. మరేం చేశారంది. అది నిలబడి చెప్పే జవాబు కాదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

నాచారం పారిశ్రామిక వాడలో ఒక పెద్ద కర్మాగారంలో, పర్సనెల్ విభాగంలో నా ఉద్యోగం. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో ఇక్కడ రాయను. నా భార్యకే గుర్తు లేదు. కర్మాగారంలో వైరింగు, వెల్డింగు, క్రేన్ల వంటి పనులు కాంట్రాక్టర్లకు ఇచ్చేవారు. కాంట్రాక్టరు తన మనుషుల బయోడేటాలు తెచ్చి మా బల్ల మీద పెట్టేవాడు. ఆ మనిషి ఎవరు, ఎక్కడ ఉంటాడు, చదివానన్నది చదివాడా, చేశానన్న చోట చేశాడా అన్నవి తేల్చి గేటు పాసు ఇప్పించడం నా పని. కాలేజీలకు ఉత్తరం రాస్తే జవాబు నెలలకు వచ్చేది, కొన్నిసార్లు వచ్చేదే కాదు. పని మాత్రం వెంటనే మొదలు కావాలి. అందుకని సైకిలు మీద ఇళ్ళకే వెళ్ళేవాణ్ణి. ఉప్పల్, రామంతాపూర్, చిలకానగర్, మల్లాపూర్, నాగోల్ గల్లీలు నాకు తెలిసింది అట్లాగే.

ముందే చెప్పకుండా వెళ్ళేవాణ్ణి. కానీ చెప్పులు బయట విప్పి, లోపలికి రమ్మనేదాకా గడప దాటేవాణ్ణి కాను. ఎవరి సంగతి తేల్చడానికి వెళ్తానో వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టేవాణ్ణి కాను. ఈ నియమం నాకు ఎవరూ పెట్టలేదు. ఇంటి పేరు తప్ప మరేమీ మిగలని మనిషికి ఆ పేరును కాపాడుకునే దారులు కొన్నే ఉంటాయి.

అద్దె గౌను

ఉప్పల్ చౌరస్తాలో ఒక ఫోటో స్టూడియో ఉండేది. అందులో ఒక నల్ల గౌను, పలక లాంటి టోపీ, రిబ్బను కట్టిన కాగితపు చుట్ట ఉండేవి. ఎవరైనా వెళ్ళి అవి వేసుకుని పట్టభద్రుడిలా ఫోటో దిగవచ్చు. ఆ సంగతి మొదట్లో నాకు తెలియదు.

మా మేనేజరు మూర్తిగారు కోనసీమ మనిషి. మంచివారు, కానీ మనుషులను చూడగానే నమ్మేస్తారు. ఒక కాంట్రాక్టరు సేఫ్టీ ఇన్‌స్పెక్టరుగా పెట్టుకుంటానన్న కుర్రవాడి బయోడేటాకు గౌను వేసుకున్న ఫోటో గుచ్చి ఉంది. "చూడండి రావుగారూ, ఎంత హుందాగా ఉన్నాడో! ఇంకేం చూస్తారు, రాసేయండి" అన్నారు. నేను ముఖం చూడలేదు, గౌను చూశాను. ఎడమ భుజం మీద అతుకు. అటువంటి అతుకే ఎక్కడో చూశాననిపించి పాత బయోడేటాలు తీశాను. మరో యూనివర్సిటీ వాడి భుజం మీద అదే అతుకు. ఆ వారంలోనే మల్లాపూర్‌లో ఇంకొకరి ఇంటికి వెళ్తే గోడ మీద మూడో యూనివర్సిటీ, అదే భుజం, అదే అతుకు.

ఆ ఫోటో అడిగి తెచ్చి మూడూ మూర్తిగారి ముందు పరిచాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "కనీసం అతుకైనా కాస్త సరిగ్గా వేయించాల్సిందండీ ఆ స్టూడియోవాడు" అన్నారు.

నేను స్టూడియోకి వెళ్ళి అడిగాను. యజమాని ఏమీ దాచలేదు. "నిజంగ పాసైనోనికి గౌను ఎందుకు సార్? ఆని దగ్గర కాగితమే ఉంటది. గౌను కావాల్సింది కానోనికే గదా" అన్నాడు. ఆ మాట ఎంత నచ్చిందంటే చాలా ఏళ్ళు నలుగురికీ చెప్పి నవ్వించాను. కానీ అదీ పూర్తి నిజం కాదు. ఆ ముగ్గురిలో ఒకతను నిజంగానే బి.ఎస్సీ. పాసయ్యాడు. స్నాతకోత్సవానికి సెలవు దొరక్క, తల్లి చూసుకుంటుందని స్టూడియోలో దిగాడట. కాబట్టి గౌను ఉన్నందువల్ల చదివినట్టూ కాదు, అద్దె గౌను అయినందువల్ల చదవనట్టూ కాదు. ఈ పనిలోకి వచ్చే చిన్నవాళ్ళు మొదటి సగమే నేర్చుకుని ఆగిపోతారు. రెండో సగం నేర్చుకోనివాడు నిజాయితీపరులకే ఎక్కువ కీడు చేస్తాడు.

మా ఇంటి పులి

గోడల గురించి నాకు ముందే కొంత తెలుసు. అది మా ఇంట్లోనే నేర్చుకున్నాను.

మాది భువనగిరి దగ్గర ఒక దేశ్‌ముఖ్ కుటుంబం. ఒకప్పటి భూములు, పరపతి గురించి రాస్తే డప్పు కొట్టుకున్నట్టు ఉంటుంది. నేను పెద్దవాడినయ్యేసరికి మిగిలింది ఇల్లు, దాని గోడల మీది వస్తువులు. హాల్లో నడిమధ్య ఒక పులి తల ఉండేది. మా తాతగారు చంపిన పులి. ఏ అడవిలో చంపారో మా బాబాయిలు ఒక్కొక్కరు ఒక్కోరకంగా చెప్పేవారు. చంపారన్న దాంట్లో మాత్రం ఎవరికీ సందేహం లేదు.

చివరికి ఇల్లు అమ్మాల్సి వచ్చింది. సామాను కొనడానికి నాన్నగారు అఫ్జల్‌గంజ్ నుంచి ఒక ముసలి వ్యాపారిని పిలిపించారు. ఆయన బల్లలూ కుర్చీలూ చూస్తూ హాల్లోకి వచ్చి, పులిని చూసి పాత దోస్తు కనబడ్డట్టు నవ్వాడు.

"అరే, గిది మా దుకాణందే దొరా. మా అబ్బాజాన్ మీ నాయినకు అమ్మిండు. కుడి చెవి జర తెగి ఉండాలె, సూడుండ్రి."

చూశాం. తెగి ఉంది.

నాన్నగారు నిటారుగా అట్లాగే నిలబడ్డారు. "అయితే తీసుకుపో. దాని ఇల్లు దానికి యాదికున్నట్టుంది" అన్నారు. ఆయన గొంతులో ఏ మార్పూ లేదు. భూములు పోయినప్పుడు ఊళ్ళో తల ఎత్తుకునే తిరిగిన నేను, ఆ రోజు దొడ్డి తలుపు నుంచి బయటికి వెళ్ళాను. పులి దిగిన చోట గోడ మీద సున్నం గుండ్రంగా, తెల్లగా, కొత్తగా కనిపిస్తూ ఉండింది. అప్పటి నుంచి ఏ ఇంట్లోకి వెళ్ళినా గోడ మీద ఏముందో చూసి ఊరుకోను. ఏది లేదో కూడా చూస్తాను.

సత్తయ్య తెచ్చిన సూపర్‌వైజరు

సత్తయ్య రామంతాపూర్‌లో ఉండే కాంట్రాక్టరు. చిన్న కూలిపనితో మొదలుపెట్టి పైకి వచ్చినవాడు. నన్ను ఎప్పుడూ దొరా అని పిలిచేవాడు. మర్యాదకు కాదు, ఏడిపించడానికి. "సైకిల్ మీద గూడ అంబారి మీద కూసున్నట్టె కూసుంటరు దొరా" అనేవాడు. సార్ అంటే చాలని ఎన్నిసార్లు చెప్పినా, "సరే దొరా" అనేవాడు.

ఎనభైల చివర్లో అతనికి మా కర్మాగారం ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు పని వచ్చింది. అప్పటిదాకా అతను చేసిన వాటిలో అదే పెద్దది. దానికో షరతు ఉంది. పని జరిగే చోట డిప్లొమా చదివిన సూపర్‌వైజరు ఉండాలి. లేకపోతే కాంట్రాక్టు రద్దు. సత్తయ్య ప్రభుదాస్‌ను చూపించాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, చాలా కాలంగా సత్తయ్య దగ్గరే ఉన్నాడు. పని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. సూపర్‌వైజరు అయితే జీతం బాగా పెరుగుతుంది, నీలం రంగు పాసు వస్తుంది. మామూలు పనివాళ్ళ పాసు ఆకుపచ్చది.

అతని బయోడేటాలో చదువు దగ్గర "ఎలక్ట్రికల్ డిప్లొమా, ఫైనలియర్ పాస్" అని ఉంది. సర్టిఫికెట్ నకలు జతచేయలేదు. అడిగితే ఇంట్లో ఉంది, తెస్తానన్నాడు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే చెప్పాడు. మూడోసారి అడగలేదు. సైకిలు తీశాను.

చిలకానగర్‌లో చాయ్

ప్రభుదాస్ ఇల్లు చిలకానగర్‌లో రెండు గదులది. నేను వెళ్ళేసరికి అతను పనిలో ఉన్నాడు. భార్య కుట్టుమిషను దగ్గర ఉంది. తల్లి శాంతమ్మ నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేసింది. జనగామ వైపు ఊరి నుంచి వచ్చి, మిషన్ దవాఖానాలో ఆయాగా చేసి మానుకున్న మనిషి. కంపెనీ నుంచి వచ్చానంటే సంతోషంతో మాటలు ఆగలేదు.

ఆ ముందుగది గోడ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఎక్కడా ఖాళీ లేదు. ప్రభుదాస్ పదో తరగతి సర్టిఫికెట్ అద్దంలో. అతని చెల్లెలి టైపు లోయరు సర్టిఫికెట్ అద్దంలో. మనవరాలు సండే స్కూల్లో వాక్యాలు కంఠతా చెప్పినందుకు ఇచ్చిన కాగితం, రంగు చుక్కలతో సహా, అద్దంలో. శాంతమ్మకు దవాఖానాలో ఇచ్చిన వీడ్కోలు పత్రం అద్దంలో. వీటన్నిటి మధ్య ఒక పెద్ద ఫోటో. మెడలో దండతో పడుచు ప్రభుదాస్ మోకాళ్ళ మీద ఉన్నాడు. పాస్టరుగారి చెయ్యి అతని తల మీద ఉంది. వెనక చాపల మీద నిండుగా జనం.

"మా వాడు డిప్లొమా పాసైనప్పటి కూడిక సార్. దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నం. వాడకట్టంత వచ్చిన్రు. మా ఇండ్లల్ల గంత దాక సదివింది గీడొక్కడే" అంది శాంతమ్మ.

మంచి జరిగితే పదిమందిని పిలిచి ప్రార్థన పెట్టి, భోజనం పెట్టడం వాళ్ళ ఆచారం. నాకు తెలుసు. ఆ ఫోటోను చాలాసేపు చూశాను. తరవాత గోడంతా మళ్ళీ ఒకసారి చూశాను. పసిపిల్ల వాక్యాల కాగితానికి కూడా ఫ్రేము కట్టించిన ఇంట్లో, వంశంలో మొదటి డిప్లొమాకు ఫ్రేము లేదు. నాకు అక్కడ అడగవలసింది ఇంకేమీ మిగల్లేదు.

లేవబోతుండగా ఆమె చాయ్ తెచ్చింది. కొత్త కప్పు, సాసరు. వద్దన్నాను. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి వద్దన్నాను. ఆమె కప్పు వెనక్కి తీసుకుంది.

"తాగరు లెండి. మీరు దొరలంట గదా, మా సత్తయ్య చెప్పిండు. మా ఇంట్ల ఎట్ల తాగుతరు" అంది. కోపం లేదు. ఎన్నోసార్లు చూసిన విషయాన్ని మళ్ళీ చూసినట్టు అంది.

"అమ్మా, పని మీద పోయిన ఏ ఇంట్ల గూడ నేను నీళ్ళు సుత తాగను. బ్రాహ్మలింట్ల గూడ తాగలేదు. గిది నా నియమం" అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసింది. నేను బయోడేటాలు చూసేటప్పుడు నా చూపు ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

"గట్లనా" అంది. "మరి పని లేనప్పుడు రాండ్రి, సూస్తం."

ఒక్క సబ్జెక్టు

మర్నాడు ప్రభుదాస్‌ను గేటు బయట సైకిలు స్టాండు దగ్గరికి పిలిచాను. మీ ఇంటికి వెళ్ళానని, మీ అమ్మ ఫోటో చూపించిందని చెప్పాను. అంతే చెప్పాను. అతను ఒక సైకిలు సీటు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఒక్క సబ్జెక్టు మిగిలింది సార్. ఫస్టియర్ల పోయిన డ్రాయింగ్. ఫైనలియర్ పాసైన మాట నిజమే."

మరి ఇన్నేళ్ళు ఎందుకు రాయలేదని అడిగాను.

"ఫైనలియర్ రిజల్టు రాంగనే మా బావ ఉరికొచ్చి పాసైండని వాడకట్టంత చెప్పిండు. నేను ఇంటికొచ్చేసరికి అమ్మ పాస్టరు గారికి మాటిచ్చేసింది. గా డ్రాయింగ్ ఏముంది, వచ్చే పరీక్షల రాసేద్దామనుకున్న. అంతమంది దేవునికి స్తోత్రం జెప్పి, పలావు తిని పోయినంక, ఇంకొకటి మిగిలిందని ఎట్ల చెప్పాలె సార్? ఒకసారి రాసిన, మళ్ళ పోయింది. ఇగ రాయబుద్ధి కాలె."

దొంగ సర్టిఫికెట్ ఎందుకు చేయించలేదని అడిగాను. ఆ రోజుల్లో అది పెద్ద కష్టం కాదు. అతను నా వైపు చూశాడు. ఆ ప్రశ్న అతనికి అవమానంగా తోచినట్టుంది. "గట్లెట్ల జేస్త సార్?" అన్నాడు.

నాకు అతని మీద గౌరవం కలిగింది. అబద్ధం రాయకుండా అబద్ధం బతుకుతున్న మనిషి. నేను చూసిన బయోడేటాల్లో ఎక్కువ భాగం ఇట్లాంటివే. దొంగ ముద్రలు కొట్టించేవాళ్ళు తక్కువ. ఎవరో సంతోషంతో ముందే అనేసిన మాటను వెనక్కి తీసుకోలేక, దాని చుట్టూ జాగ్రత్తగా నడిచేవాళ్ళే ఎక్కువ.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఈ అబద్ధాలు పుట్టేది ఒక్క బయోడేటా రాసేవాడి దగ్గరే కాదు. అనుభవం, లైసెన్సు ఉంటే చాలిన పనికి డిప్లొమా కావాలని కాగితం మీద రాసేవాళ్ళకు కూడా అందులో వాటా ఉంది. ఆ షరతు గురించి అప్పుడే మూర్తిగారికి నోటు రాసి పెట్టాను. తరవాతి టెండరులో ఆయన దాన్ని మార్పించారు. అది తరవాతి మాట. అప్పటికి షరతు షరతే.

తొంభై తొమ్మిది పాళ్ళు

సత్తయ్యకు సంగతి తెలిసి పరుగెత్తుకుంటూ వచ్చాడు. తనకూ అప్పటిదాకా తెలియదన్నాడు. నేను నమ్మాను. "దొరా, ఒక్క సబ్జెక్టు కోసం నా కాంట్రాక్టు ముంచుతరా? నా ఎనక ఎంతమంది ఉన్నరో తెలుసు గదా మీకు" అన్నాడు. ఈసారి దొరా అన్న మాటలో ఎగతాళి లేదు.

ఇద్దరం మూర్తిగారి గదికి వెళ్ళాం. ఆయన అంతా విన్నారు. ఆయనకు ఎవరినీ బాధపెట్టడం ఇష్టం ఉండదు. "ఏవండీ రావుగారూ, అన్నీ పాసై ఒక్కటేగా ఉండిపోయింది. తొంభై తొమ్మిది పాళ్ళు డిప్లొమా ఉన్నట్టేగా. సంతకం పెట్టేయండి, పాపం" అన్నారు.

"మా ఇంట్ల పులి గూడ తొంభై తొమ్మిది పాళ్ళు మాదేనండి" అన్నాను. "తల మాది, గోడ మాది, మేకు మాది. చంపుడు ఒక్కటే మాది కాదు."

మూర్తిగారికి ఆ కథ తెలుసు. కడుపు పట్టుకుని నవ్వారు. సత్తయ్యకు తెలియదు కనుక మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నవ్వు ఆగాక మూర్తిగారు మామూలు గొంతుతో, అయితే ఏం చేద్దామో మీరే చెప్పండన్నారు. పై అధికారిలో నాకు కావలసిన గుణం ఇదొక్కటే. తన దారి మూసుకుపోతే ఎదుటివాడి దారి అడగడం.

నేను చెప్పింది ఇది. ప్రభుదాస్ తన చేతితోనే బయోడేటా దిద్దాలి. డిప్లొమా, ఒక సబ్జెక్టు మిగిలి ఉంది అని రాసి సంతకం పెట్టాలి. అతనికి సీనియర్ ఎలక్ట్రీషియన్‌గా పని ఇవ్వాలి. సత్తయ్య నిజంగా డిప్లొమా ఉన్న సూపర్‌వైజరును తెచ్చుకోవాలి. సత్తయ్య గొణుక్కుంటూ వెళ్ళి, డిప్లొమా చదివి, రైల్వేలో ఫోర్‌మన్‌గా రిటైరై నాచారంలో ఇల్లు కట్టుకున్న ఒక పెద్దాయనను పట్టుకొచ్చాడు. ఆయనకు ఇంట్లో ఏమీ తోచడం లేదట. మడత కుర్చీ, చాయ్ ఫ్లాస్కు తెచ్చుకుని, మొదటి రోజు నుంచే కుర్రవాళ్ళందరినీ అదిలించడం మొదలుపెట్టాడు. కాంట్రాక్టు నిలబడింది.

ప్రభుదాస్‌కు ఆకుపచ్చ పాసు వచ్చింది. ఇంట్లో అందరూ నీలం పాసు కోసం చూస్తున్నారు. అతను పాసు చేతిలో పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. మా అమ్మకు మీరే ఒకమాట చెప్పండి, మీ మాటైతే ఇంటది అన్నాడు. చెప్పనన్నాను. మీ ఇంటికి నేను కంపెనీ పని మీద వెళ్ళాను, ఆ పని అయిపోయింది, ఇది నీ పని అన్నాను. కఠినంగా ఉందని మీకు అనిపించవచ్చు. కానీ ఒకరి నిజం ఇంకొకరి నోటి నుంచి వస్తే అది ఫిర్యాదు అవుతుంది. తన నోటి నుంచి వస్తేనే దానికి విలువ.

రెండో కూడిక

తరవాత సంగతులు సత్తయ్య వచ్చి చెప్పాడు. ప్రభుదాస్ ఆ సాయంత్రమే పాసు తీసి తల్లి ముందు పెట్టి మొత్తం చెప్పాడట. శాంతమ్మ కొన్ని రోజులు కొడుకుతో మాట్లాడలేదు. వండి పెట్టింది, పళ్ళెం ముందుకు తోసింది, మాట మాత్రం లేదు. ఒకరోజు ఉన్నట్టుండి, "పరీక్ష ఫీజు కట్టినవా?" అని అడిగిందట.

అతను కట్టాడు. మీసాలు సరిగ్గా రాని పిల్లల మధ్య ముప్పై అయిదేళ్ళ వయసులో డ్రాయింగ్ బల్ల ముందు కూర్చుని పరీక్ష రాశాడు. రైల్వే పెద్దాయన భోజనం వేళల్లో కూర్చోబెట్టి చెప్పాడు. మూర్తిగారు ఇంట్లో ఉన్న మంచి కాంపాస్ డబ్బా తెచ్చి ఇచ్చారు. సత్తయ్య ఒక రోజు సెలవిచ్చి దాన్ని నెల రోజులు చెప్పుకున్నాడు. ఇంత చేసినా ప్రభుదాస్ ఆ సబ్జెక్టు మళ్ళీ తప్పాడు.

ఫలితం తెలిసిన వారంలో శాంతమ్మ కర్మాగారం గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిపించింది. తెల్లచీర కట్టుకుని, బైబిల్ సంచి భుజాన వేసుకుని ఉంది.

"ఆదివారం మా ఇంట్ల కృతజ్ఞత కూడిక ఉన్నది సార్. రాండ్రి" అంది.

నాకు అర్థం కాలేదు. ప్రభుదాస్ తప్పాడు కదమ్మా అన్నాను.

"తప్పిండు. పాసైనందుకు కాదు సార్ కూడిక. ఇన్నేండ్ల సంది నా కొడుకు నాతోని సగం సగం మాట్లాడిండు. ఇప్పుడు పూర మాట్లాడుతుండు. గందుకు." వెళ్ళబోతూ ఆగింది. "ఇప్పుడైతే మీకు మా ఇంట్ల పనేం లేదు గదా?"

లేదన్నాను.

ఆదివారం వెళ్ళాను. వాకిట్లో షామియానా, కింద చాపలు, అదే పాస్టరుగారు. జుట్టు మాత్రం తెల్లబడింది. సత్తయ్య ముందు వరుసలోనే కూర్చుని, నాకు చోటు చూపించి, "అంబారి దిగుండ్రి దొరా" అన్నాడు. పాస్టరుగారు లేచి, "పోయినసారి మనం దేవుని దగ్గర అడ్వాన్సు తీసుకున్నం. గా సంగతి ఆయనకు తెలుసు, మనకే తెల్వలె. ఇయ్యాల గా లెక్క సాఫ్ చేస్తున్నం" అన్నారు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ప్రభుదాస్ నవ్వాడు. అతను అట్లా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. తరవాతి టెండరులో షరతు మారి అతనికి నీలం పాసు వచ్చిన రోజున కూడా అంత గట్టిగా నవ్వలేదు. అప్పటికీ, నేను రిటైరయ్యేదాకా కూడా, అతని బయోడేటాలో ఒక సబ్జెక్టు మిగిలి ఉంది అనే ఉండేది. దాన్ని ఎవరు చదివినా ఎవరూ ఏమీ అనలేదు.

ప్రార్థన అయ్యాక భోజనాలు. అందరికీ వడ్డించే మనుషులు వేరే ఉన్నారు. నా పళ్ళెం మాత్రం శాంతమ్మ తెచ్చింది. పలావు, దాల్చా, పక్కన నీళ్ళ గ్లాసు. తెచ్చి ఇచ్చి వెళ్ళిపోలేదు. గుంజకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది.

నా ఉద్యోగమంతా నేను ఎదుటివాళ్ళు చెప్పుకున్నది నిజమో కాదో చూశాను. నేను చెప్పుకున్నది నిజమో కాదో చూడటానికి ఒకరు నిలబడటం అదే మొదటిసారి. ముందు నీళ్ళు తాగాను. తరవాత తిన్నాను. ఆమె కదల్లేదు. మెతుకు మిగల్చకుండా పళ్ళెం ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టమ్మా అని అడిగాను.

ఆమె గరిటె తీసుకొచ్చి నిండుగా వడ్డించింది.

"నిజమే చెప్పిన్రు సార్" అంది.

మా ఉద్యోగంలో దాన్ని వెరిఫైడ్ అంటారు.